అమ్మకానికి పెట్టిన వంటిల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం అనలేదు. వాళ్ళకు ఆ అవసరం పడి ఉండదు. మాకు పడింది.

డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. మేం హైదరాబాదు పాతబస్తీలోని జహనుమాలో ఉండేవాళ్ళం. మాది పాల ఇల్లు. బర్రెలు, వాటి దూడలు, బాపు, అమ్మ, నేను. మా ఇంట్లో మర్యాదలు కూడా ఈ వరసలోనే జరిగేవి. మంచి చోటంతా బర్రెలదీ, వాటి సామానుదీ. వీధి వైపు గాలీ వెలుతురూ వచ్చే ముందు గదిలో తౌడు బస్తాలు, పల్లిచెక్క, పాల క్యాన్లు, పలుపుతాళ్ళు ఉండేవి. మధ్య గదిలో మేం పడుకునేవాళ్ళం. దాని వెనక వంటిల్లు.

ఆ వంటింటి గురించి చెప్పాలంటే ముందు ఒకసారి దగ్గాలి. దానికి కిటికీ లేదు. మధ్య గదిలోకి తెరుచుకునే తలుపు ఒక్కటే దారి, మనుషులకైనా పొగకైనా. పొగ పోవడానికని పెంకుల మధ్య ఒక సందు వదిలారు గాని, పొగ దాన్ని ఏనాడూ పట్టించుకోలేదు. బర్రెలున్న ఇల్లు కాబట్టి పొయ్యిలోకి పిడకలే. అమ్మ నేల మీద గొంతుక్కూర్చుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, పట్టపగలు కూడా బుడ్డి దీపం పెట్టుకుని వండేది. ఆమె దగ్గు మాకు గడియారం. తెల్లవారుజామున మొదలైతే చాయ్ అవుతోందని, పొద్దెక్కాక మొదలైతే అన్నం అవుతోందని అర్థం.

అమ్మ కిటికీ అడిగేది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అడుగుతూనే ఉంది. పండక్కి సున్నం వేసినప్పుడల్లా అడిగేది, పెంకులు సర్దినప్పుడల్లా అడిగేది. బాపు జవాబు నాకు కంఠతా వచ్చు.

"ఆ గోడ మా నాయిన కట్టిండే. దానికి చెయ్యి పెడితె కప్పు కూలుతది."

అంతటితో మాట అయిపోయేది. బాపు చెడ్డవాడు కాదు. బర్రెకు జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చునే మనిషి. కాకపోతే ఇంట్లో ఏదైనా మార్చాలంటే ఆయనకు చేతులు ఆడేవి కావు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మే అడిగితే ఎవరు పెడతారో ఆ సామెత చెప్పలేదు.

ఆ ఏడు వానాకాలంలో దగ్గు ఎక్కువై అమ్మను దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ ఛాతీ చూసి, మందులు రాసి, చివరికి ఒక మాట అంది. ఆ పొగలో ఇంకో రెండేళ్ళు వండితే తన మందులేవీ పనిచేయవని. బాపు ఇంటికొచ్చి, బర్రెలకు కుడితి పెట్టి, చేతులు కడుక్కుని, మంచంలో కూర్చుని ప్రకటించాడు.

"ఇల్లు అమ్మేద్దాం. మంచి వంటిల్లు ఉన్నకాడికి పోదాం."

కిటికీ అడిగితే ఇల్లు మార్చే మనిషి మా బాపు. తలనొప్పంటే తల తీసేద్దామనే రకం. నేను నవ్వబోయాను గాని అమ్మ ముఖం చూసి ఆగిపోయాను. ఆమె ఆ మాటను రెండు చేతులతో పట్టుకున్నట్టు కూర్చుంది.

సంతోష్‌నగర్‌లో ఒక ఇల్లు అమ్మకానికి ఉందని బాపుకి ఎవరో చెప్పారు. ముగ్గురం బస్సెక్కి పోయాం. చిన్న ఇల్లు, కొత్తది. బాపు బర్రెలకు చోటెక్కడని వెతుకుతున్నాడు. కాలేజీకి పోవాల్సిన నేను బస్‌స్టాప్ ఎంత దూరమో చూసుకుంటున్నాను. అమ్మ మాత్రం నేరుగా వంటింట్లోకి పోయి అక్కడే ఉండిపోయింది. నిలబడి వండుకునే గట్టు ఉంది. గట్టు మీద కిటికీ ఉంది. అమ్మ గట్టు మీద అరచెయ్యి ఆనించి, కిటికీలోంచి ఎవరిదో జామచెట్టు చూస్తూ నిలబడింది. మేం పిలిచేదాకా బయటికి రాలేదు. తిరుగు బస్సులో కళ్ళు మూసుకుని కూర్చుని ఒకే ఒక్క మాట అంది, "నిలబడి వండితె మోకాళ్ళకు గూడ మంచిదట" అని.

ఆ ఇంటాయన దసరా దాకా ఆగుతానన్నాడు. ఆ లోపల మా ఇల్లు అమ్ముడుపోవాలి. పోకపోతే గట్టూ లేదు, కిటికీ లేదు, జామచెట్టూ లేదు.

బాపు పాలు పోసే ఇళ్ళలో ఒక ఆఫీసరుగారిది ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. మా ఇంటిలాగా బావీ వాకిలీ ఉన్న పాత ఇల్లు కొనుక్కోవాలని వాళ్ళకు కోరిక. వచ్చే ఆదివారం భార్యాభర్తలిద్దరూ చూడ్డానికి వస్తామన్నారు. ఆ కబురు మా ఇంట్లో పడిన గంటకే మా పెద్దమ్మ దిగింది.

పెద్దమ్మ అంటే బాపు వాళ్ళ అన్న భార్య. పక్కిల్లే. మా గల్లీలో ఏ ఆడపిల్లకు పెళ్ళిచూపులైనా ఆమె చేతుల మీదుగానే జరగాలి. ఏ కుర్చీ ఎవరింటి నుంచి తేవాలో, మగపెళ్ళివారిని ఏ గోడవైపు చూసేలా కూర్చోబెట్టాలో, పిల్ల ఎంతసేపు తల వంచాలో అంతా ఆమెకు తెలుసు. అంతకుముందు ఏడు నన్ను కూడా ఆమే చూపించింది. వచ్చినవాళ్ళు బజ్జీలు తిని, కబురు చేస్తామని చెప్పి పోయారు. ఆ కబురు ఇంకా దారిలోనే ఉంది. దానికి నేను లోలోపల సంతోషించానని పెద్దమ్మకు తెలియదు.

"ఏం ఫికర్ జెయ్యకు చెల్లె," అని అమ్మతో అంది పెద్దమ్మ. "చూపెట్టుడు నాకు రాదా? పిల్లనైనా ఇల్లునైనా చూపెట్టే తీరు ఒక్కటే."

నాకు అప్పుడే అనుమానం వచ్చింది. కాని ఇంట్లో ఇల్లు అమ్మిన అనుభవం ఎవరికీ లేదు, చూపించిన అనుభవం పెద్దమ్మకు మాత్రమే ఉంది. అందుకని అందరం ఆమె చెప్పినట్టే చేశాం.

మొదట బర్రెలను ఆదివారం దాటేదాకా ఫలక్‌నుమా దగ్గర ఉండే బాపు చిన్నాయన కొడుకు ఇంటికి తోలేశారు. తరవాత ముందు గదిని ఖాళీ చేశాం. తౌడు బస్తాలు పోయాయి, పల్లిచెక్క పోయింది, క్యాన్లు పోయాయి. గోడలకు నీలం కలిపిన సున్నం వేశాం, అడుగున ఎర్ర జాజు పట్టీ తీశాం. ఆ గది అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది.

కుర్చీలకు ఎదురింటి ఖాలా దగ్గరికి నన్ను పంపారు. ఆమె ఇంట్లో చెక్కిన చేతులున్న సోఫా, నాలుగు కుర్చీలు, ఒక టీపాయ్, ఎర్ర కంబళి ఉండేవి. మా గల్లీ పెళ్ళిచూపులన్నీ ఆ సోఫా మీదే జరిగాయి. హిందువులైనా ముస్లింలైనా సోఫా అదే.

"లడ్కేవాలే కబ్ ఆరై బేటీ?" అని అడిగింది ఖాలా, మగపెళ్ళివారు ఎప్పుడొస్తున్నారని.

"లడ్కేవాలే నై ఖాలా. ఘర్ దేఖ్‌నేవాలే ఆరై," అన్నాను, వచ్చేది ఇల్లు చూసేవాళ్ళని.

ఆమె ఒక క్షణం ఆలోచించి, "ఏక్‌హీచ్ బాత్ హై" అని, సోఫా దుమ్ము కొంగుతో దులిపి ఇచ్చింది. రెండూ ఒకటేనని ఆమె కూడా తేల్చేసింది. ఇక నేను ఎవరితో వాదించేది?

ముందు గదిలోంచి తీసిన సామానంతా ఎక్కడికి పోయిందో చెప్పాలి. పెద్దమ్మ లెక్కలో చూడవచ్చినవాళ్ళు ముందు గది దాటి లోపలికి రారు. వస్తే అమర్యాద. అందుకని తౌడు, చెక్క, క్యాన్లు, తాళ్ళు, విరిగిన నులక మంచం, చిరిగిన గోనెలు, ఒక సైకిల్ చక్రం, అన్నీ వంటింట్లోకి పోయాయి. అందులో మిగిలిన జానెడు చోట్లో అమ్మ కూర్చుని బజ్జీలు వెయ్యాలి. పైన పటారం లోన లొటారం అన్నది ఎవరో మా ఇంటిని చూసే అని ఉంటారు.

ఆదివారం పొద్దున పెద్దమ్మ గడపకు పసుపు రాసి, తలుపుకు బంతిపూల దండ కట్టి, నన్ను పిలిచి పట్టుచీర కట్టుకొమ్మంది.

"నేనెందుకు పెద్దమ్మా? అమ్మేది ఇల్లు గదా."

"బజ్జీల తట్ట ఎవరు పట్టుకొస్తరు మరి? గా పాత చీర మీద తెస్తవా? పో, పూలు గూడ వెట్టుకో."

బాపుకి కూడా పాఠం చెప్పింది. "ధర నువ్వు ముందుగాల ఎత్తకు. వాల్లనే ఎత్తనియ్యి. వయసు అడిగితె నాలుగేండ్లు తక్కువ చెప్పు."

"ఎవరి వయసు?" అన్నాడు బాపు.

"ఇంటిది."

ఆఫీసరుగారు సన్నగా, పొడుగ్గా, తెల్ల చొక్కాలో వచ్చారు. భార్య గుండ్రటి ముఖం, పెద్ద బొట్టు, నవ్వు ముఖం. పెద్దమ్మ ఇద్దరినీ సోఫాలో కూర్చోబెట్టి, తాను కుర్చీలో ఎదురుగా కూర్చుంది. బాపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లోపల అమ్మ దగ్గుతూ బజ్జీలు వేస్తోంది. నేను పట్టుచీరలో, మల్లెపూలతో, తట్ట పట్టుకుని తల వంచుకుని ప్రవేశించాను. అలవాటైన ప్రవేశం కాబట్టి ఎక్కడా తడబడలేదు.

ఆవిడ నన్ను చూసి, కంగారుగా భర్త వైపు తిరిగింది. "అయ్యో, అమ్మాయికి ఇవాళ పెళ్ళిచూపులా? మేం వేళకాని వేళ వచ్చామండీ. ఇంకోరోజు వస్తాం."

"లేదు లేదు, మీ కోసమే," అంది పెద్దమ్మ.

ఆఫీసరుగారు బజ్జీ చేతిలో పట్టుకుని ఆగిపోయారు. వాళ్ళకు ఒక కొడుకు ఉన్నాడని, హైస్కూల్లో చదువుతున్నాడని తరవాత తెలిసింది. ఆ క్షణంలో ఆయన ఏమనుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. బాపు కల్పించుకుని ఇల్లు సంగతి ఎత్తేదాకా బజ్జీ నోటి దగ్గరికి పోలేదు.

"ఇల్లు కట్టి ఎన్నాళ్ళైందండీ?" అని అడిగారు ఆయన.

బాపు పెద్దమ్మ వైపు చూశాడు. "ఇరవై ఏండ్లు అయ్యుంటది సార్."

"ఇరవై గూడ నిండలే," అంది పెద్దమ్మ.

ఆయన తలెత్తి దూలాల వైపు చూశారు. మా తాత బాపు పుట్టకముందు వేసిన దూలాలవి. ఇంకో బజ్జీ తీసుకున్నారు. బజ్జీలు బాగున్నాయి. మా అమ్మ చేతి వంటకు ఆ చీకటి ఎప్పుడూ అడ్డం రాలేదు.

గోడల సంగతి అడిగితే పెద్దమ్మ, "మస్తు గట్టివి, ఏ రోగం లేదు" అంది. ఇరుగుపొరుగు సంగతి అడిగితే, "నెమ్మదస్తులు, నోట్లె నాలిక లేదు" అంది. అన్నీ నా పెళ్ళిచూపుల్లో నా గురించి చెప్పినవే. అక్కడ ఒక్కటీ నిజం కాదు గాని, గోడల విషయంలో మొదటిది నిజమే.

అంతా అయింది. పెద్దమ్మ లెక్కలో ఇక వాళ్ళు చాయ్ తాగి, కబురు చేస్తామని లేవాలి. ఆవిడ లేచింది. లేచి, కొంగు సర్దుకుని, "వంటిల్లు ఎటువైపండీ?" అంది.

పెద్దమ్మ తలుపుకు అడ్డంగా జరిగింది. ఆమె జీవితంలో ఈ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. "వంటింట్ల ఏముంటదమ్మా? పొయ్యి ఉంటది" అంది.

"ఆ పొయ్యే చూస్తానండీ. ఇంట్లో నేను ఉండేది అక్కడేగా."

ఆవిడ పెద్దమ్మను దాటి, మధ్య గది దాటి, వంటింటి తలుపు నెట్టింది. తలుపు సగమే తెరుచుకుంది. ఆవిడ ఇంకాస్త నెట్టింది. లోపల ఒక క్యాను దొర్లి రెండోదాన్ని తట్టింది, రెండోది నులక మంచాన్ని తట్టింది, మంచం నిదానంగా వంగి తౌడు బస్తా మీద పడింది. పగిలిన బస్తాలోంచి తౌడు దుమ్ము లేచింది. ఆ దుమ్ములో, పొగలో, బుడ్డి దీపం పక్కన, మూకుడు ముందు గొంతుక్కూర్చుని మా అమ్మ. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో ఒక మిరపకాయ శనగపిండిలో సగం మునిగి ఉంది. అప్పటికీ ఆమె మర్యాద మరిచిపోలేదు, మోచేత్తో కొంగు తల మీదికి లాక్కుని, "రాండ్రి అమ్మా" అంది.

నాకు ఒక పక్క నవ్వొచ్చింది. ఇంకో పక్క ఎవరినైనా కొట్టాలనిపించింది. ఎవరినో తేల్చుకోలేకపోయాను.

ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చాలాసేపు అమ్మనే చూసింది. "ఇంత చీకట్లో ఎలా వండుతున్నారండీ?"

"అలవాటైంది," అంది అమ్మ.

వాళ్ళు పోయాక పెద్దమ్మ కోపం చూడాలి. "పిల్లను చూడవచ్చినోల్లు ఏనాడన్న వంటింట్లకు వోయిన్రా? ఏం మనుషులో ఏమో."

"వాల్లు వచ్చింది పిల్ల కోసం గాదు పెద్దమ్మా," అన్నాను.

"ఏదైనా గంతె. మర్యాద మర్యాదె," అని బంతిపూల దండ తెంపుకుని పోయింది.

అమ్మ తౌడు ఊడ్చి, మిగిలిన పిండిలో బజ్జీలు వేసి మాకు పెట్టింది. సంతోష్‌నగర్ గట్టు చేజారినట్టేనని ఆమె ముఖంలో రాసి ఉంది. నేను ఆ బజ్జీలు తినలేకపోయాను.

మర్నాడు బాపు పాలు పోసి వచ్చి, సైకిల్ గోడకు ఆనించకుండానే చెప్పాడు. "ఆ అమ్మకు ఇల్లు నచ్చిందట. బావి నచ్చిందట. వంటింటికి ఒక కిటికీ, నిలవడి వండేతందుకు గట్టు పెట్టిస్తె మల్ల వస్తమన్నరు."

అమ్మ చల్ల చిలుకుతోంది. చెయ్యి ఆగింది. "గోడ?" అంది.

"మేస్త్రిని అడుగుదాం తియ్యి," అన్నాడు బాపు, అదేదో పాల క్యాను మూత సంగతైనట్టు.

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు అమ్మ అడిగితే కూలిపోయే గోడ, ఎవరో ఒకావిడ ఒక్క పూట చూసి చెబితే అడగదగ్గదైంది. ఆ మాట బాపుతో అనబోతే అమ్మ కళ్ళతోనే వద్దంది. ఆమెకు దసరా గుర్తుంది.

మేస్త్రి వచ్చాడు, గోడను వేలి కణుపుతో కొట్టి చూశాడు, చాయ్ అడిగాడు. తాగి, పని మొదలుపెట్టాడు. బాపు దూరంగా వాకిట్లో నిలబడి, కప్పు వైపు చూస్తూ, దేవుణ్ణి తలుచుకుంటున్నాడు. గునపం దెబ్బ పడ్డప్పుడల్లా ఆయన భుజాలు ఎగిరేవి. పొద్దు వాలేసరికి గోడలో మనిషి తల పట్టేంత కంత పడింది. మా తాత గోడ కిమ్మనలేదు. ఆ కంతలోంచి ఎండ పట్టె ఒకటి వంటింట్లోకి వచ్చి, ఎదుటి గోడ మీది మసిని చూపించింది. ఆ మసి అంత మందంగా ఉందని అమ్మకు కూడా అప్పుడే తెలిసింది.

కిటికీ కోసం బాపు అఫ్జల్‌గంజ్ దాకా పోయి, ఏదో పాత హవేలీ కూల్చినప్పుడు వచ్చిన దాన్ని రిక్షాలో వేసుకుని వచ్చాడు. పైన రంగుటద్దాలు. మా వంటింటికి అది కాస్త పెద్దదే. "అమ్మే ఇల్లు గదా, షోకుగ ఉండాలె" అన్నాడు. పొయ్యి పక్కన షాబాదు బండతో గట్టు కట్టారు. గట్టు మీద మట్టి పొయ్యి కొత్తది వేశారు. సున్నం వేశారు. ఈసారి తౌడు బస్తాలు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. వాకిట్లో ఒక మూల రేకులు వేసి అక్కడ పెట్టారు. అక్కడ ఎప్పుడో పెట్టుకోవచ్చని అందరికీ అప్పుడే తోచింది.

మొదటి రోజు అమ్మకు నిలబడి వండడం చేతకాలేదు. కాళ్ళు ఏం చెయ్యాలో తెలియనట్టు ఒకసారి ఈ కాలు మీద, ఒకసారి ఆ కాలు మీద నిలబడేది. మధ్యాహ్నం ఎండ ఎర్రటద్దంలోంచి బియ్యం చాట మీద పడితే, బియ్యానికి కుంకుమ అంటిందనుకుని చేత్తో తీయబోయింది. ఆ తరవాత తనలో తనే నవ్వుకుంది.

వెనక గల్లీలో రోజూ కూరలమ్మే అవ్వ పోయేది. కిటికీలో అమ్మను చూసి గంప దించింది.

"గీ ఇంట్ల దగ్గేది నువ్వేనా బిడ్డా?"

"నేనే అవ్వా."

"ఇన్నేండ్ల సంది దగ్గు ఇంటున్న. ముసల్దో ఏమో అనుకున్న. నువ్వు ఇంక పిల్లవే."

ఆ రోజు నుంచి అమ్మ కూరలు కిటికీలోంచే కొనేది. గల్లీలో ఎవరి మేక ఎవరి బట్టలు తిన్నదో, ఎవరింట్లో లొల్లి జరిగిందో, ఎవరి కోడలు పుట్టింటికి పోయిందో అన్నీ మాకంటే ముందు ఆమెకే తెలిసేవి. రాత్రి అన్నాల దగ్గర మాకు చెప్పేది. మా అమ్మకు కథలు చెప్పడం వచ్చని నాకు అంతవరకూ తెలియదు. దగ్గు కూడా తగ్గింది. ఒకరోజు చాయ్ వేళకు దగ్గు వినబడక నేను లేవడం ఆలస్యమై, కాలేజీ బస్సు తప్పిపోయింది.

బాపు ఆ కిటికీని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. "ఏం గాలి చూడు," అనేవాడు, గాలి కూడా తానే తెచ్చినట్టు.

నేను ఒకసారి అడిగాను, "సంతోష్‌నగర్ వంటింట్ల కిటికీ ఎటు దిక్కుంటదే అమ్మా?" అని.

"యాదికి లేదు," అంది. బస్సులో తిరిగి వస్తూ కళ్ళు మూసుకుని తలుచుకున్న వంటిల్లు అది.

దసరా ఇంకా ముందుండగానే ఆఫీసరుగారూ భార్యా మళ్ళీ వచ్చారు. ఈసారి పెద్దమ్మ అలక మీద ఉండి రాలేదు. దండలు లేవు, పట్టుచీర లేదు. ఖాలా సోఫా మాత్రం ఉంది, తిరిగి ఇవ్వడం బద్ధకించాం. ఆఫీసరుగారి భార్య సోఫా వైపు కూడా చూడకుండా నేరుగా వంటింట్లోకి పోయింది. వెనక మేమంతా పోయాం.

అమ్మ నిలబడి పప్పు కలుపుతోంది. కిటికీ గూట్లో కొత్తిమీర కట్ట, పచ్చిమిరపకాయలు ఉన్నాయి. పొగ కిటికీ దారిన బుద్ధిగా పోతోంది. ఆవిడ గట్టు మీద చెయ్యి ఆనించింది. సరిగ్గా అమ్మ సంతోష్‌నగర్‌లో ఆనించినట్టే.

"అబ్బ, ఎంత బాగుందండీ," అంది ఆవిడ. "ఏవండీ, ఇలా రండి, చూడండి." భర్తకు రంగుటద్దాలు చూపించింది. ఆయన తలాడించారు. బాపు ముఖం వెలిగిపోయింది. ఇక ఇల్లు అమ్ముడుపోయినట్టే.

అప్పుడు ఆవిడ, మాట వరసకే, అమ్మను అడిగింది. "ఇంత మంచి వంటిల్లు వదిలిపెట్టి ఎందుకు పోతున్నారండీ?"

అమ్మ గరిటె తిప్పుతూ, పప్పులోకి చూస్తూ చెప్పింది. "గిసొంటి వంటిల్లు కోసమే పోతున్నం అమ్మా."

బాపు గొంతు సవరించుకుని, "ఆమె మాటలకేంది సార్" అని ఏదో అనబోయాడు. అమ్మ అప్పుడు ఆయన వైపు తిరిగింది. నా ఎరుకలో ఆమె ఆయన కళ్ళలోకి చూసి మాట్లాడడం అదే మొదటిసారి. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బాగుండునని నాకనిపించింది.

"నేనడిగితె గోడ కూలుతదంటివి. వాల్లడిగితె నిలవడ్డది."

బాపు గోడ వైపు చూశాడు, అది ఏమైనా చెబుతుందేమోనన్నట్టు. తరవాత తల దించుకున్నాడు. ఆయన ఎంత మొండివాడో నాకు తెలుసు గాని, ఆ తల దించుకోవడంలో మొండితనం లేదు. ఆయనకు అంతవరకూ ఆ రెండు సంగతులూ కలిపి చూడాలని తోచనే లేదు.

ఆవిడ గట్టు మీది నుంచి చెయ్యి తీసేసింది. భర్త మోచెయ్యి పట్టుకుని, "పదండి, మనం ఇంకోటి చూసుకుందాం" అంది. ఆయన ఏదో అనబోతే, "ఈ ఇల్లు ఆవిడకు నచ్చిందండీ" అంది. వాకిలి దాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చి, అమ్మను అడిగి కాస్త పప్పు గిన్నెలో పెట్టించుకుని పోయింది. ఆ గిన్నె మర్నాడు బాపుతో, కడిగి, చక్కెర నింపి పంపింది.

వాళ్ళు పోయాక బాపు ముందు గదిలో సోఫా అంచున చాలాసేపు కూర్చున్నాడు. నేను మధ్య గదిలో పుస్తకం ముందు పెట్టుకుని ఒక్క ముక్క చదవలేదు. చివరికి ఆయన లేచి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎవరికైనా చూపించడానికి తప్ప ఎప్పుడూ గుమ్మం దాటని మనిషి, ఒక కాలు లోపల పెట్టాడు.

"సంతోష్‌నగర్ ఆయన దసరాకని ఎదురుచూస్తుండు. ఆయనకు ఏమని చెప్పాలె?"

అమ్మ చారులో పోపు పెట్టింది. చిటపటలు తగ్గేదాకా ఆగింది.

"మా ఇంట్ల కిటికీ ఉన్నదని చెప్పు," అంది.

బాపు సైకిల్ తీశాడు. మెయిన్ రోడ్డుకు ముందు గల్లీలోంచి దగ్గర దారి ఉంది, కాని ఆయన వెనక గల్లీలోంచి పోయాడు. మలుపు దగ్గర ఒక కాలు నేల మీద ఆనించి, ఆగి, వెనక్కి తిరిగి మా కిటికీ వైపు చూశాడు. అమ్మ చూడలేదు. అన్నం వారుస్తోంది.